ఇచ్చట కుక్కలు వాపసు తీసుకోబడవు

నేను రాసిన బోర్డును ఎవరో నీళ్ల డ్రమ్ము మీద మూతగా పెట్టారు. పోయిన నెల పొద్దున్నే నా కుక్క జిప్పును తీసుకుని ఫిల్మ్‌నగర్ గుట్ట మీది బస్తీలోంచి వస్తుంటే కంటపడింది. దాన్ని రాయించినామె ఉండిన రెండు గదుల రేకుల ఇల్లు పడగొట్టేశారు. పిల్లర్లు లేస్తున్నాయి. ఇసుక, కంకర, ఒక డ్రమ్ము. డ్రమ్ము మీద రేకు, రేకు మీద ఇటుక, ఇటుక కింద నా అక్షరాలు: ‘ఇచ్చట కుక్కలు వాపసు తీసుకోబడవు’. ఎరుపు మీద తెలుపు. ఎండకూ వానకూ ఒక్క అక్షరం పొట్టు లేవలేదు. ఈ ఊళ్లో కడుతున్న ఫ్లెక్సీలు మూడు నెలలు ఉంటే గొప్ప, వాటి మీద ఒత్తులు సరిగ్గా ఉంటే ఇంకా గొప్ప.

“ఆ రేకు నాది, ఇయ్యి,” అన్నాను అక్కడి కాపలా అతనితో.

“అది మూత తాతా.”

“మూత కాదు, బోర్డు. సదువు.”

“నాకు సదువు రాదు.”

“అందుకే మూతయ్యింది.”

నవ్వాడు గానీ ఇవ్వలేదు. నీళ్లల్ల దుమ్ము పడితే మేస్త్రీ ఊరుకోడన్నాడు. కృష్ణానగర్‌లో నా గదికి పోయి, ఒక ప్లాస్టిక్ మూత తెచ్చి డ్రమ్ముకు పెట్టి, నా బోర్డు చంకన పెట్టుకుని వచ్చాను. డెబ్బై రెండేళ్లవాడు ఒక రేకు ముక్క కోసం గుట్ట రెండుసార్లు ఎక్కి దిగాడని మా గల్లీలో నవ్వుకున్నారు. నవ్వనీ. అది రాయించిన మనిషి గురించి వాళ్లకేం తెలుసు?

ఆమె పేరు రాయను. నిజానికి ఆమె బతికుండగా నాకూ తెలియదు. సినిమా సెట్లో మనుషులకు పేర్లుండవు, డిపార్ట్‌మెంట్లుంటాయి. ‘లైట్లూ, ఇటు రా’, ‘మేకప్ గారూ, భోంచేశారా’, ఇదే వరస. నేను ముప్పై ఏళ్లకు పైగా సెట్లలో బోర్డులు రాశాను. ఉత్తుత్తి పోలీస్ స్టేషన్లకు, ఉత్తుత్తి కిరాణా కొట్లకు, ఉత్తుత్తి కోర్టులకు. బడి మొహం చూసినవాణ్ణి కాను. అక్షరాన్ని ముందు బొమ్మగా గీసి, గీశాక అదేమిటని పదిమందిని అడిగి, అలా చదువుకున్నాను. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట ‘కారాగారము’. బోర్డులు ఆర్టు డిపార్ట్‌మెంట్ పని కనుక ఆమెకు నేను ‘ఆర్టు గారు’. ఆమె కాస్ట్యూమ్స్‌లో ఉతుకూ ఇస్త్రీ చూసిన మనిషి. కనుక నాకు ‘కాస్ట్యూమ్సమ్మ’. ఒకే స్టూడియోల్లో అన్నేళ్లు పనిచేసినా ఒకరి మొహం ఒకరం ఎరగం. ఎవరి మూల వాళ్లది.

బస్తీవాళ్లు మాత్రం ఆమెను ‘పాస్టరమ్మ’ అనేవాళ్లు. రోడ్ల మీద జనం వదిలేసిన కుక్కల్ని కొందరు పుణ్యాత్ములు పట్టుకొచ్చి, వాటికో ఇల్లు దొరికేదాకా ఎవరో ఒకరి దగ్గర ఉంచుతారు. అలా ఉంచుకునే ఇంటిని ఫోస్టర్ ఇల్లంటారు. కుక్కల్ని తెచ్చినవాళ్లు ‘ఫోస్టరమ్మ ఇల్లెక్కడ’ అని అడిగితే బస్తీ చెవికి అది పాస్టరమ్మ అయింది. పైగా ఆమె కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. ఇంకేం కావాలి? జ్వరమొచ్చిన పిల్లల్ని ప్రార్థన కోసం ఎత్తుకొచ్చేవాళ్లు. ఆమె ఒక చేత్తో కుక్క గొలుసు పట్టుకుని, రెండో చెయ్యి పిల్లల నెత్తిన పెట్టి ప్రార్థన చేసి పంపేది.

“పాస్టరమ్మవు కాదని చెప్పొచ్చు గదా,” అన్నాను ఒకసారి.

“జ్వరంతో వచ్చినవాళ్లకి మాటలో తప్పు దిద్దమంటారా? డాక్టరు దగ్గరికి వెళ్లమని కూడా చెప్తున్నాను కదండీ. ప్రార్థన పైన గుండీ లాంటిది. ఉంటే నష్టమేంటి?”

ఆమె మాట్లాడితే నోరు సగమే తెరుచుకునేది. ఏళ్ల తరబడి పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని పనిచేసిన అలవాటు. సూదులు లేకపోయినా ఉన్నట్టే, ఎడమ మూల నుంచి మాట వచ్చేది. గాజులకు ఎప్పుడూ ఐదారు పిన్నీసులు వేలాడేవి. ఎవరు కొత్తగా గేటు తీసినా కళ్లతోనే కొలతలు తీసేది. కారులో దిగి ‘మాకు బ్రౌన్ కలర్ కుక్క కావాలి’ అన్న ఒకాయన్ని ఎగాదిగా చూసి, ఆయన వెళ్లాక నాతో అంది: “ఛాతీ నలభై రెండు, మెడ పదహారు, నిలకడ నిల్.”

కుక్కలకు పెట్టిన పేర్లు కూడా కుట్టుపని పేర్లే. బొత్తాం, నాడా, కాజా, జరీ. జిప్పుకు ఆ పేరెందుకంటే అది నడవదు. ఈ చివర నుంచి ఆ చివరికి జుయ్యిన పోతుంది, జుయ్యిన వస్తుంది. గోధుమ రంగు, ఒక చెవి నిక్కి ఒక చెవి వాలి, ఒంట్లో ఎముకలకు బదులు స్ప్రింగులున్నట్టు ఉంటుంది.

ఆమెను నేను మొదట చూసిందీ జిప్పు వల్లనే. ఆమె ఇంటి ఎదుట టీకొట్టుకు బోర్డు రాస్తున్నాను. నల్లటి పెద్ద కారు వచ్చి ఆగింది. జూబ్లీహిల్స్ బండి అని అద్దాలే చెబుతున్నాయి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకున్న డ్రైవరు దిగి, వెనక సీట్లోంచి కుక్కను దింపి ఆమె గేటుకు కట్టాడు.

“మేడమ్ వాపస్ ఇయ్యమన్నరు. సోఫాలు ఖరాబు చేస్తున్నదంట. ఒక్క కాడ జర కూసోదంట,” అన్నాడు నేల చూస్తూ.

“నువ్వేం చేస్తావు నాయనా. మజ్జిగ తాగి వెళ్లు,” అంది ఆమె.

తాగలేదు. చొక్కా చేతితో మొహం తుడుచుకుని కారు తిప్పుకున్నాడు. జిప్పు గొలుసు తెగేలా ఆ కారు వెంట లాగింది. కారు మలుపు తిరిగాక చప్పుడు చెయ్యకుండా కూర్చుంది. అంత స్ప్రింగుల కుక్క అలా కూర్చోవడం చూసి నా చేతిలో కుంచె ఆగింది. ‘టీ’ గుడి దీర్ఘం మీంచి కిందికి రంగు కారింది.

నాకు కోపం వస్తే కాళ్లు ముందు కదులుతాయి. నేరుగా ఆమె గేటు ముందుకు పోయాను.

“కుక్కేమన్న చీరనా అమ్మా, నచ్చలేదని వాపస్ ఇయ్యనీకె?”

“చీరైనా ఒకసారి కట్టాక వాపసు తీసుకోరండీ,” అంది.

“నాకియ్యి. నేను సాదుకుంట.”

కొలతలు తీసింది నన్ను. “మీకెన్నేళ్లండీ?”

“డెబ్బై. అయితేంది?”

“ఇది రోజూ రెండు పూటలా గుట్ట ఎక్కి దిగాలంటుంది. మీ మోకాళ్లు ఏమంటాయో అడిగారా?”

“నా మోకాళ్లు నా మాటింటయి.”

“పైగా మీరు కోపమ్మీద అడుగుతున్నారు. కోపమ్మీద తీసుకెళ్లిన కుక్క, కోపం చల్లారాక నా గేటు దగ్గరికి వచ్చేస్తుంది. ఇది వెనక్కి రావడం రెండోసారి. మొదటిసారి వచ్చి రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఈసారి ఎన్ని రోజులో తెలీదు. మూడోసారంటూ వస్తే ఇక తినదు, నా చేతుల్లోనే పోతుంది. మీకివ్వను.”

ఇవ్వను అన్న మాట నేను జీవితంలో చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ మర్నాడు అదే తలుపు ముందు నిలబడ్డాను. చదువూ అలాగే వచ్చింది. మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె గేటు ముందున్నాను.

“ఇయ్యాల కోపం లేదు. ఇప్పుడియ్యి.”

ఎడమ మూల నుంచి నవ్వింది. లోపల జిప్పు గిన్నె నిండుగా అలాగే ఉంది. గోడ వైపు మొహం పెట్టి పడుకుని ఉంది.

“ఏడు రోజులు రండి. నడిచి రండి, ఆటో వద్దు. ఇదే టైముకి. ఇదే చొక్కా వేసుకుని రండి. ఆ ఏడు రోజులూ చొక్కా ఉతక్కూడదు.”

“అదేంది?”

“కంటిన్యుటీ.”

సినిమా మనిషికి అంతకన్నా వివరం అక్కర్లేదు. తెర మీద ఐదు నిమిషాల దృశ్యాన్ని పది రోజులు తీస్తారు. మొదటి రోజు చొక్కా మీద ఎక్కడ ముడత ఉందో, ఎక్కడ మరక ఉందో, పదో రోజు కూడా అక్కడే ఉండాలి. లేకపోతే చూసేవాడికి మనిషి మారిపోయినట్టుంటుంది. అందుకని దృశ్యం అయ్యేదాకా ఆ బట్టను ఉతకరు. కుక్క ముక్కుకు కూడా అంతేనట. మనిషంటే ముందు వాసన.

అలా మొదలైంది. నీలం గళ్ల చొక్కా ఒకటే. కృష్ణానగర్ గల్లీల్లో ఆటోలు లేవకముందే బయల్దేరి, రోడ్డు దాటి, గుట్ట ఎక్కి ఆమె గేటు దగ్గర చేరేసరికి చొక్కా తడిసిపోయేది. గేటు తీయగానే ఆమె చేసే మొదటి పని నా కాలర్ పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకోవడం. మొదటిసారి నేను వెనక్కి గెంతాను.

“మొగోని కాలర్ పడ్తవా?”

“లక్ష కాలర్లు పట్టానండీ. అందులో మనిషుండాలని రూలేం లేదు,” అంది.

మూడు రోజులు జిప్పు నా వైపు చూడలేదు. నేను గోడకానుకుని కూర్చుని పేపర్ చదువుకుంటూ అందులో తప్పులు గీసుకున్నాను. నాలుగో రోజు లేచి వచ్చి, కాలర్ వాసన చూసి, నా అరచేతిలో అన్నం ముద్ద తిన్నది. ఆమె చీర కొంగుతో ఇస్త్రీ బల్ల తుడుస్తూ ఉండిపోయింది, దాని మీద దుమ్మే లేకపోయినా. ఐదో రోజు జిప్పు నన్ను బస్తీ పై నుంచి కిందికి ఈడ్చుకుపోయింది. ఆరో రోజు కింది నుంచి పైకి. నా మోకాళ్లు నా మాట వినలేదు, దాని మాట విన్నాయి.

ఆ సాయంత్రం ఎర్రగడ్డ నుంచి నా కూతురు వచ్చింది. మెట్రో స్టేషన్లో టికెట్ కౌంటర్లో పనిచేస్తుంది. నేను కూరగాయలకు పోయి వచ్చేలోపు గది ఊడ్చి, మేకుకున్న నీలం గళ్ల చొక్కా ఉతికి దండెం మీద ఆరేసింది.

“ఎంత పని చేస్తివి బిడ్డా!” అన్నాను.

“ఏమైంది? కంపు కొడుతుంటే సబ్బు పెట్టి రుద్దిన. మెడ కాడ నల్లగ మట్టి నాయినా.”

“ఆ మట్టి కోసం ఆరు రోజులు గుట్ట ఎక్కిన.”

సంగతి మొత్తం విని, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “నీకు గిట్ల పిచ్చి లేచిందా? ఎర్రగడ్డ దవాఖాన్ల సూపియ్యాల్నా? నేనుండేది గాడనే, నడుచుకుంట పోదాం పా.”

ఏడో రోజు అదే చొక్కా, ఉతికినదే, వేసుకుని పోయాను. అబద్ధం ఆడాలనుకోలేదు గానీ, ఎవరు కనిపెడతారులే అనుకున్నమాట నిజం. గేటు తీయగానే జిప్పు జుయ్యిన వచ్చి నా ఛాతీ మీదికి ఎగిరింది. మొహమంతా నాకేసింది. సబ్బు వాసన దానికి ఒక లెక్కే కాదు. ఆమె వచ్చి కాలర్ పట్టుకుంది.

“ఉతికారు.”

“నా బిడ్డ ఉతికింది. తెల్వక.”

“కంటిన్యుటీ పోయిందండీ. మళ్లీ ఒకటో రోజు.”

నాకు ఎక్కడలేని మంట లేచింది. “సూస్తలేవా అమ్మా? అది నా మీదికి దుంకుతున్నది! కుక్కకే లేని పట్టింపు నీకెందుకు?”

“కుక్క ఒప్పుకుంటే చాలదండీ. కుక్క అందర్నీ ఒప్పుకుంటుంది. ఆ డ్రైవర్నీ ఒప్పుకుంది. ఆ కారు ఎక్కడానికి ఎంత సంబరంగా గెంతిందో మీరు చూడలేదు. ఒప్పుకోవాల్సింది మనం.”

“అయితే నేను రాను. నీ కుక్క నీకే.”

“మంచిది,” అంది. గేటు కూడా ఆమే తీసింది.

దిగేటప్పుడు అడుగుకో తిట్టు తిట్టాను. కులాసాగా కార్లలో వచ్చి పెంపుడు కుక్కను పాత చెప్పుల్లా వదిలిపోయేవాళ్లు ఈమె కంటికి ఆనరు, నడిచొచ్చిన ముసలాడి మెడ మీద మట్టి ఆనింది.  కానీ ఆమె అన్న ఒక మాట చెవిలోంచి పోలేదు: ‘ఆ డ్రైవర్నీ ఒప్పుకుంది.’ కుక్క నన్ను చూసి ఎగిరినందుకు నేను పొంగిపోయాను. దాన్ని వదిలేసినవాళ్లను చూసి కూడా అది అలాగే ఎగిరి ఉంటుంది. అయితే వాళ్లకూ నాకూ తేడా ఏం ఉన్నట్టు? తేడా చూపించాల్సింది కుక్క కాదు.

మర్నాడు ఆరింటికి గేటు ముందు నిలబడి, “ఒకటో రోజు,” అన్నాను.

ఆమె మజ్జిగ ఇచ్చింది. అంతకు ముందు ఆరు రోజులూ మంచినీళ్లే. ఇస్త్రీ బల్ల మీద కూర్చుని, ఎడమ మూల నుంచి ఒక సంగతి చెప్పింది.

“నేను పనిలో చేరిన కొత్త. ఫైటింగు అయిపోయాక హీరో చొక్కా మూటలో పడేశారు. ఒకటే రక్తం రంగు, బురద. అయ్యో, పాపం ఎవరూ ఉతకలేదే అనుకుని రోజంతా కూర్చుని ఉతికేశాను. నిమ్మకాయ రుద్ది ఒక్క మరక లేకుండా తీశాను. కత్తిలాగా ఇస్త్రీ చేశాను. మెచ్చుకుంటారనుకున్నాను. మర్నాడు గుండు తగిలి పడిపోయిన హీరో పెళ్లికొడుకు చొక్కా వేసుకుని వచ్చాడు. షూటింగు ఆగిపోయింది. అందరి ముందూ నన్ను గేటు బయటికి తోశారు.”

“మరి?”

“మర్నాడు వెళ్లి గేటు దగ్గర నించున్నాను. ఆ మర్నాడూ నించున్నాను. తొమ్మిదో రోజుకి కాస్ట్యూమ్స్ మేస్త్రీ వచ్చి, ‘ఇస్త్రీ పెట్టె వేడెక్కిందేమో చూడు’ అన్నాడు. క్షమించానని ఎవరూ అనలేదండీ. ఇస్త్రీ పెట్టె అన్నారు. చాలు కదా.”

అప్పటికి నాకు అర్థమైంది, ఆమె వాసన చూసేది చొక్కా కాదని. తర్వాత చాలామంది విషయంలో కళ్లారా చూశాను. పెద్ద పెద్ద కార్లలో వచ్చినవాళ్లు మొదటి రోజు ఫోటోలు తీసుకునేవాళ్లు. రెండో రోజు డ్రైవర్ని పంపేవాళ్లు. మూడో రోజు ఎవరూ లేరు. వాళ్ల చొక్కాలు ఎప్పుడూ శుభ్రంగానే ఉండేవి.

రెండో విడత ఏడో రోజు గొలుసు నా చేతికి ఇవ్వబోతూ ఆగింది.

“మీ తర్వాత ఎవరు?”

“అంటే?”

“దీనికింకా పదేళ్లు ఆయుష్షుంది. మీకు డెబ్బై.”

నా చావు గురించి అంత మామూలుగా, బనీను సైజు అడిగినట్టు అడిగినవాళ్లు ఆమెకు ముందూ లేరు, తర్వాతా లేరు. కోపం రావాలి. రాలేదు. కూతురికి ఫోన్ చేశాను. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చింది. జిప్పు ఆమె చున్నీ పట్టుకుని గది చుట్టూ తిప్పింది.

“చొక్కా ఉతికిన పాపానికి నా మీద వేస్తుండ్రా దీన్ని?” అంది నా కూతురు.

“వెయ్యట్లేదమ్మా, అడుగుతున్నాను. నాన్నగారి తర్వాత నువ్వు చూస్తావా? చూడనంటే కూడా నాకు కోపం లేదు. కుక్కని మాత్రం ఇవ్వను.”

నా కూతురు నా వైపు చూసింది, కుక్క వైపు చూసింది. “బస్సెక్కనీకె సుత నడువని మనిషి ఇన్ని దినాలు రోజూ గుట్ట ఎక్కిండు గద,” అంది. “నేను సూస్కుంట అమ్మా. రాసిమ్మంటే రాసిస్త.”

“రాతలొద్దు, మీ నాన్న రాస్తారు చాలు,” అంది ఆమె. తను కట్టి విడిచిన చీరలోంచి ఒక మూర చింపి జిప్పు మెడకు చుట్టింది. “కొత్త చోట భయపడితే ఇది పక్కన వెయ్యండి. ఉతక్కండి.”

దానికి బదులుగా నన్నో బోర్డు రాసిమ్మంది. జనం కుక్కల్ని తెచ్చి గేటుకు కట్టి పారిపోతున్నారని, అందరూ జడుసుకునేలా రాయమంది. మాటలు కూడా తనే చెప్పింది.

“‘తీసుకోబడవు’ ఏంది? అది తెలుగు కాదు. ‘కుక్కల్ని వాపసు తీసుకోము’ అని రాస్త.”

“అలా రాస్తే పక్కింటావిడ చెప్పినట్టుంటుందండీ. బడవు అంటే గవర్నమెంటు చెప్పినట్టుంటుంది. భయపడతారు.”

నలభై ఏళ్లుగా తప్పు తెలుగు మీద యుద్ధం చేస్తున్నవాణ్ణి, ఆమె కోసం ఆ ‘బడవు’ను నా చేత్తో, అందంగా రాశాను. రాసిన వారానికి ఎవరో మూడు కాళ్ల కుక్కను తెచ్చి సరిగ్గా ఆ బోర్డు కిందే కట్టిపోయారు. ఆమె తలుపు తీసి, బోర్డు చూసి, కుక్కను చూసి, లోపలికి తీసుకుపోయింది.

“బోర్డు ఏం పనిజేసినట్టు మరి?” అన్నాను.

“వాళ్లకి సిగ్గుండాలని పెట్టానండీ. దీనికి చదువు రాదుగా,” అంది.

జిప్పు వచ్చాక నా గదిలో రెండు చాపలు, ఒక రేడియో, దిండు లోపలి దూది మొత్తం పోయాయి. నా మోకాళ్ల నొప్పి కూడా చాలావరకు పోయింది. ఆదివారాలు చర్చి అయ్యాక ఆమె దగ్గరికి పోయేవాళ్లం. జిప్పును చూసేది కాదు ముందు, నా కాలర్ చూసేది. ఆ చీర ముక్క జిప్పు పడుకునే గోనెపట్టా కింద అలాగే ఉండేది. ఎంత కంపు కొట్టేదో చెప్పలేను. నా కూతురు వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకునేది గానీ, ఒకసారి కాలినవాళ్లు మళ్లీ ముట్టుకోరు కదా. ఉతకలేదు.

పోయిన చలికాలం ఆమె ఇంటి యజమానురాలు ఫోన్ చేసింది.

“బోర్డు రాసిన తాతవు నువ్వేనా? పాస్టరమ్మ పోయింది. దవాఖానకు తీస్కపోతుంటేనే పానం పోయింది. మొన్ననే తమ్ముళ్లొచ్చి వాళ్ల ఊరికి తీస్కపోయిండ్రు.”

“నాకు ఇప్పుడా చెప్పేది?”

“లొల్లిల యాదికి రాలే. తక్కినయన్ని ముందే ఇండ్లకు పోయినయి, ఒక కుక్కున్నది గీడ. కాజా అంట. ఇస్త్రీ బల్ల కిందికి దూరి మూడు రోజులసంది తింటలేదు, దగ్గరికి పోతే కరుస్తున్నది. ‘నాకేమన్న అయితే కుక్కలకు నా తర్వాత ఆర్టు గారు’ అని చెప్పి నీ నంబర్ గోడకు రాసిపెట్టింది. జర రా.”

నన్ను అడగలేదు. నన్ను ‘మీ తర్వాత ఎవరు’ అని నిలదీసిన మనిషి, తన తర్వాత ఎవరన్నది నన్ను అడక్కుండానే గోడ మీద రాసుకుంది. గుట్ట ఎక్కి పోయి గోడ మీద పదంకెలు చూశాను. కింద ‘ఆర్టు గరు’ అని ఉంది. గ కు దీర్ఘం లేదు. జేబులో పెన్సిల్ ఉన్నా దిద్దలేదు.

ఇంటిని ఆమె తరఫువాళ్లు ఫినాయిల్ పోసి కడిగారు. బట్టలన్నీ ఎవరికో ఇచ్చేశారు. మంచిపనే చేశామనుకుని ఉంటారు. ఒక మూర బట్ట మిగల్చలేదు. ఆ గదిలో ఆమె ఎక్కడా లేదు. బల్ల కింద చీకట్లో రెండు కళ్లు, ఒక గుర్రు. అన్నం పెట్టినా, పాలు పెట్టినా అంతే.

వెనక్కి వచ్చి జిప్పు గోనెపట్టా కింద చెయ్యి పెట్టాను. జిప్పు నా చేతిని చూసింది, అడ్డం రాలేదు. ఏడాదికి పైగా ఉతకని ఆ చీర ముక్కను కవరులో పెట్టుకుని, జిప్పును వెంటబెట్టుకుని, ఆ రోజు మళ్లీ గుట్ట ఎక్కాను. బల్ల అంచున ముక్కను వేసి, దూరంగా గోడకానుకుని కూర్చున్నాను. గుర్రు ఆగింది. చాలాసేపటికి ఒక ముక్కు బయటికి వచ్చింది. తర్వాత తల. కాజా ఆ గుడ్డను నోట కరుచుకుని లోపలికి లాక్కుంది. ఇంకొంతసేపటికి గుడ్డతో సహా బయటికి వచ్చి గిన్నె దగ్గర నిలబడింది. యజమానురాలు “అబ్బ, గిదేం మాయ తాతా” అంది. మాయేం లేదు. కంటిన్యుటీ.

అప్పటి నుంచి కాజా నా దగ్గరే ఉంది. ఒక గదిలో ఒక ముసలాడు, రెండు కుక్కలు. మా ఓనరుకు ఇష్టం లేదు. ఒక కుక్కకే కష్టమని నాకూ తెలుసు. కాజాకు ఇల్లు చూడాలి. చూసే పని నాకు అప్పజెప్పింది కదా.

పోయిన నెల ఆ డ్రమ్ము మీది బోర్డు తెచ్చి నా తలుపు పక్కన మేకు కొట్టి తగిలించాను. నాలుగు రోజులకు పొద్దున్నే తలుపు తట్టారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. నేను గుర్తుపట్టేలోపు జిప్పు గుర్తుపట్టింది. అతని మీదికి ఎగిరింది, ఏడ్చినట్టు కూసింది, గది చుట్టూ తిరిగి మళ్లీ ఎగిరింది. అతను మెట్టు మీదే కూలబడి దాని మెడ పట్టుకున్నాడు.

“బతికే ఉన్నవారా,” అన్నాడు. “నువ్వు బతికే ఉన్నవా.” ఆ మొహం తుడుచుకున్న తీరు నాకు గుర్తుంది. ఆ రోజు చెమట అనుకున్నాను.

“గా పాత ఇంటి కాడికి పోయిన సార్,” అన్నాడు నాతో. “ఇల్లే లేదు. కాపలా ఆయన ‘మూత తాతను అడుగు’ అన్నడు.”

“రెండేండ్లకు యాదికొచ్చిందా?”

“రోజూ యాదికొచ్చింది. ఆ ఇంట్ల దీన్ని తిప్పింది నేనే, తినిపిచ్చింది నేనే. వదిలిపెట్టి రా అంటే నౌకరోన్ని, ఏం జేస్త? ఇప్పుడు ఆ కొలువు ఇడిసి వేరే కాడ బండి నడుపుతున్న. కిరాయికి చిన్న ఇల్లు, ముందట జాగా ఉన్నది. దీన్ని ఇయ్యమని అడుగ. నాకు తెలుసు, ఆ హక్కు లేదు నాకు. ఎవలూ తీస్కపోని కుక్క ఏదన్న ఉంటే ఇయ్యిండ్రి.”

రెండేళ్లుగా ఈ మనిషిని తిట్టుకున్నాను నేను. తిట్లు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. గొంతుదాకా వచ్చాయి. గది మూలన కాజా చీర ముక్క మీద పడుకుని మమ్మల్ని చూస్తోంది.

లేచి అతని కాలర్ పట్టుకున్నాను. అతను కొడతాననుకుని కళ్లు మూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. గంజి వాసన.

“ఏడు రోజులు రావాలె. నడిచి రావాలె. ఇదే చొక్కా, ఉతుకొద్దు.”

అతని మొహం పడిపోయింది. “సార్, డ్యూటీల రోజూ ఉతికిన తెల్ల చొక్కానే ఉండాలె. మరక కనపడితే కొలువు పోతది.”

ఇలాంటి చోట ఆమె ఏం చేసి ఉండేదని ఆలోచించాను. కొలతలు తీశాను అతన్ని.

“లోపల బనీను ఉన్నదా?”

“ఉన్నది సార్.”

“అది ఉతుకకు.”

ఈ రోజుకు ఆరు రోజులు. వానలో కూడా వచ్చాడు. గొడుగు కింద చొక్కా తెల్లగా మెరుస్తోంది, లోపల బనీను భరించరాని కంపు కొడుతోంది. ఈ పొద్దున కాజా మొదటిసారి చీర ముక్కను అక్కడే వదిలేసి అతని కాళ్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. కుక్క ఒప్పుకుంది. అది చాలదు. రేపు ఏడో రోజు. అతని భార్యను కూడా వెంట తీసుకురమ్మన్నాను, ఆనాడు నా కూతుర్ని అడిగిన మాటే అడగాలని.